బొమ్మల్ల సీసం చూస్తున్నరు, ముఖం కూడా చూడండి సీతక్కా

మంత్రి సీతక్క గారికి,

నమస్తే అక్కా. మహిళా శిశు సంక్షేమ శాఖ మీ చేతిల ఉంది కాబట్టి ఈ ఉత్తరం మీకు రాస్తున్న. అందరికీ కనబడేటట్టు ఎందుకు రాస్తున్న అంటే నాలాంటి టీచర్లు, అంగన్‌వాడీ టీచరమ్మలు, పిల్లల అమ్మానాన్నలు కూడా చదివి అవును మా దగ్గర కూడా ఇదే ఉంది అని మీకు చెప్పాలె, అప్పుడు ఇది నా ఒక్కదాని గోడు లెక్క ఉండదు. నేను హైదరాబాద్‌ల మాసాబ్ ట్యాంక్ దగ్గర ఒక చిన్న ప్లేస్కూల్ల టీచర్‌ని. మూడేండ్లు నాలుగేండ్ల పిల్లలు నా క్లాసుల ఉంటరు.

అడగాల్సింది ముందే అడిగేస్త. సర్కారు పైసలతోని అంగన్‌వాడీలకు కొనే బొమ్మలు, పజిళ్ళు, చార్టుల మీద మనుషులు ఉంటరు గద, ఆ మనుషులు ఎట్ల ఉండాలె, ఎవ్వరిని ఎట్ల చూపియ్యొద్దు అనేది టెండర్ కాయితంలనే రాయించండి. ఇప్పుడు బొమ్మ అంచు కోసుకుంటదా, చిన్న ముక్క ఊడి గొంతుల ఇరుక్కుంటదా, రంగుల సీసం ఉందా అని చూస్తరు. చూడాల్సిందే, మంచి పని. కానీ అదే బొమ్మ పిల్లకు ఏం చెప్తుందో చూసేటోళ్ళు ఎవ్వరూ లేరు.

మా స్కూల్‌కు పక్కనే ఏసీ గార్డ్స్ ఉంది. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అని నిజాం కాలంల గుర్రాల మీద కాపలా ఉన్న, ఆఫ్రికా మూలాలున్న సిద్దీ సైనికుల బస్తీ అది, వాళ్ళ మనవలు మునిమనవలు ఇప్పటికీ అక్కడనే ఉన్నరు, మన హైదరాబాదీ ఉర్దూనే మాట్లాడతరు, పెండ్లి బరాత్‌ల మనమందరం ఎగిరే మర్ఫా వాయిద్యంల వాళ్ళ చెయ్యి కూడా ఉంది. మా క్లాసుకు ఆ పిల్లలొస్తరు, తండా నుంచి పనికోసం సిటీకొచ్చిన లంబాడ కుటుంబాల పిల్లలొస్తరు, పాతబస్తీ వైపు నుంచి ముస్లిం పిల్లలొస్తరు, సెలూన్లల్ల హోటళ్ళల్ల పనిచేసే మణిపూర్ మిజోరం వాళ్ళ పిల్లలు కూడా ఒకరిద్దరు ఉంటరు. ఇంతమంది ఉన్న క్లాసుల బొమ్మల డబ్బా తెరిస్తే మాత్రం పాలమీగడ రంగుల, బంగారు జుట్టుతోని, నీలం కండ్లతోని ఉన్న బొమ్మలే ఉంటయి. ఇంక నల్లగ ఉన్నది ఏదన్న దొరికిందంటే అది రాక్షసుడో, దొంగనో, లేకపోతే అడివి మనిషో.

అడివి మనిషి అంటే ఎట్లుంటడో కొంచెం దగ్గర నుంచి చెప్త. ఆ మధ్య ఒక బర్త్‌డేకి పిల్లలందరికీ రిటర్న్ గిఫ్ట్ వచ్చింది, జంగిల్ సెట్. కవర్ల ఏనుగు, సింహం, జిరాఫీ, మొసలి, రెండు ప్లాస్టిక్ చెట్లు, వాటితో పాటు ఇద్దరు మనుషులు. బొటనవేలంత ఉన్నరు. ఒళ్ళంత తారు పూసినట్టు నలుపు, కండ్ల దగ్గర రెండు తెల్ల చుక్కలు, మూతి మొత్తం ఎర్రగ లావుగ, నడుముకు ఆకులు, ఒకని చేతిల బల్లెం, ఇంకొకని ముక్కుల అడ్డంగ ఎముక. నేను మామూలుగ చేయించే యాక్టివిటీ ఒకటుంది, రెండు గిన్నెలు పెట్టి జంతువులన్నీ ఒక దాంట్ల, మనుషులందర్ని ఇంకో దాంట్ల వెయ్యమంట. మా డబ్బాల ఉన్న డాక్టరు, పోలీసు, పాప, తాత బొమ్మలు కూడా కలిపి ముందల పెట్టిన. పిల్లలు గబగబ సర్దేసిన్రు. చూస్తే ఆ ఇద్దరు నల్ల మనుషులు జంతువుల గిన్నెల ఉన్నరు. ఎవరో ఒక్కరు వేసింది కాదు, ఆ టేబుల్ దగ్గర కూసున్నోళ్ళల్ల ఎక్కువమంది అట్లనే వేసిన్రు. ఎందుకమ్మా అక్కడ వేసినవు అని ఒక పాపనడిగితే "వీళ్ళు జంగల్‌వాళ్ళు టీచర్, మనుషులు కాదు" అన్నది, రంగు పేరు చెప్పినంత మామూలుగ అన్నది. అదే టేబుల్ దగ్గర సిద్దీ బాబు కూసోని ఉన్నడు. ఆ తర్వాత కొన్ని రోజులు పక్క పిల్లలు వాన్ని జంగిల్ సెట్ అని పిలిచిన్రు, వాడు నీళ్ళు తాగనీకె లేచినా సరే అట్లనే పిలిచిన్రు, నేను చెప్పి మాన్పించేదాక.

నేను ఆ పిల్లల్ని ఏమనను అక్కా. బొమ్మ చేసినోడే ఆ ఇద్దర్ని సింహంతోని మొసలితోని కలిపి ఒకటే కవర్ల వేసి అమ్మిండు, పిల్లలు అందులో ఏముందో అదే చదివిన్రు. నాలుగేండ్ల పిల్లకు అక్షరాలు రావు గానీ బొమ్మ చదవడం మనకంటే బాగ వస్తది.

ఇంకోటి, మన దగ్గర చాలా స్కూళ్ళల్ల ఉంటది, మనకు సాయం చేసేవాళ్ళు అని చెక్క పజిల్, ఒక్కో ముక్కకు పట్టుకోనీకె చిన్న ఎర్ర గుబ్బ ఉంటది. మా దగ్గరున్న దాంట్ల డాక్టరు, టీచరు, పోలీసు, పైలట్ అందరు గులాబి రంగు ముఖాలు. ఊడ్చే ఆమె, చెప్పులు కుట్టే ఆయన, వీళ్ళిద్దరే గోధుమ రంగు. చేసినోళ్ళు కావాలని చేసిన్రో అలవాట్ల చేసిన్రో నాకు అనవసరం, పిల్లకు మాత్రం రోజూ ఆడుకుంటుంటే ఏ రంగోళ్ళు ఏ పనికి అనేది చేతివేళ్ళతోని నేర్పినట్టయితుంది. ఇది పాఠం పుస్తకంల ఉంటే ఎవరో ఒకరు పట్టుకుని గొడవ చేసేటోళ్ళు, పేపర్ల వచ్చేది, కమిటీ వేసేటోళ్ళు. బొమ్మ కాబట్టి ఎవ్వరికీ పట్టలేదు.

పిల్లలకేం తెలుసు, బొమ్మే గద అనేటోళ్ళకు ఒక సంగతి చెప్పాలె. 1940లల్ల అమెరికాల కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అని భార్యాభర్తలు, ఇద్దరూ నల్లజాతి సైకాలజిస్టులే, మూడు నుంచి ఏడేండ్ల నల్ల పిల్లల ముందల బొమ్మలు పెట్టి అడిగిన్రు. బొమ్మలన్నీ ఒకటే అచ్చు, ఒంటి రంగు, జుట్టు రంగే తేడా. మంచి బొమ్మ ఇయ్యి అంటే ఎక్కువమంది తెల్లది ఇచ్చిన్రు, చెడ్డగ కనబడేది ఏది అంటే గోధుమరంగుది చూపిచ్చిన్రు. చివరికి నీ లెక్క ఉన్నది ఏది అని అడిగేసరికి కొంతమంది పిల్లలు ఏడ్చి లేచిపోయిన్రని క్లార్క్ తర్వాత చెప్పిండు. 1954ల బడులల్ల తెల్లోళ్ళను నల్లోళ్ళను వేరుగ కూసోబెట్టుడు చెల్లదు అని అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుల ఈ పరిశోధన ప్రస్తావన కూడా ఉంది. బొమ్మ అంత పెద్ద కోర్టుల సాక్ష్యం అయింది అక్కా, చిన్న విషయం అని ఎట్లంటం.

కంపెనీలు తమంతట తాము మారుతయి అని కూర్చుంటే ఎంతకాలం పడ్తదో కూడా ఆ దేశం కథల్నే ఉంది. బార్బీ 1959ల వచ్చింది. 1967ల నల్ల రంగుల ఒక బొమ్మ తెచ్చిన్రు గానీ తెల్ల బొమ్మ అచ్చుకే రంగు మార్చి పోసిన్రు, ముక్కు మూతి అన్నీ తెల్లపిల్లవే. 1968ల క్రిస్టీ అని ఇంకో నల్ల బొమ్మ వచ్చింది, ఆమె బార్బీకి స్నేహితురాలు. నల్లపిల్ల బొమ్మనే బార్బీ అని పిలవడానికి 1980 దాక ఆగాల్సి వచ్చింది, ఆ బొమ్మను డిజైన్ చేసింది కిట్టీ బ్లాక్ పెర్కిన్స్ అని కంపెనీల పనిచేసే నల్లజాతి ఆమెనే. ఇది నాకు చాలా పెద్ద విషయం అనిపిస్తది, ఎవరి బొమ్మ చేస్తున్నమో ఆ మనిషి ఆ గదిల కూసున్నంకనే పని సరిగ్గ జరిగింది. ఇంగ్లండ్ల అయితే గోలీవాగ్ అని తారు ముఖం, ఎర్ర మూతి ఉన్న గుడ్డ బొమ్మ, 1895ల ఒక పిల్లల పుస్తకంల పుట్టింది, ఒక జామ్ కంపెనీ సీసాల మీద అదే గుర్తు, 2001 దాక నడిచింది. నూరేండ్ల పైన. మా జంగిల్ సెట్ కవర్ల ఉన్నది దాని మనవడే.

మన దగ్గరికొస్తే, నేను బేగంబజార్ హోల్‌సేల్ దుకాణాలల్ల తిరిగిన, నుమాయిష్ పెట్టినప్పుడు నాంపల్లి గ్రౌండ్ల స్టాళ్ళు చూసిన. ఛామనఛాయ పాప బొమ్మ కావాలె అంటే దుకాణమాయన "అవి పోవమ్మా, ఎవరు కొంటరు" అన్నడు. ఆయన తప్పు కూడా లేదు, కొనేటోళ్ళు అడగరు, అడగరు కాబట్టి తేడు, తేడు కాబట్టి పిల్లలు చూడరు, చూడరు కాబట్టి పెద్దయినంక వాళ్ళు కూడా అడగరు. ప్లాస్టిక్ బొమ్మల్ల రంగు మార్చుడు పెద్ద ఖర్చు కాదు, కరిగించే ప్లాస్టిక్‌ల కలిపే రంగు గుళికలు మారిస్తే చాలు. ముఖం మార్చాలంటేనే కొత్త అచ్చు కావాలె, అచ్చు ఖరీదు, ఎక్కువ బొమ్మలు పోతయి అన్న నమ్మకం ఉంటే తప్ప ఏ తయారీదారుడూ చేయించడు. ఇక్కడ్నే మీరు వస్తరు అక్కా. తెలంగాణల దాదాపు 35,700 అంగన్‌వాడీ సెంటర్లు ఉన్నయి. ఒక్కో సెంటర్‌కు రెండు బొమ్మలు అనుకున్నా అది ఎంత పెద్ద ఆర్డరో చూడండి, ఆ అచ్చు ఖర్చు భరించే గిరాకీ మార్కెట్ల ఎవరి దగ్గర్నన్న ఉంటే అది సర్కారు దగ్గర్నే ఉంది. ఒక్కసారి అచ్చు తయారయితే తర్వాత బేగంబజార్‌కు కూడా అదే వస్తది.

చట్టం సంగతి కూడా చెప్తే నేనేదో గాలిల మాట్లాడుతున్న అనుకోరు. బొమ్మల క్వాలిటీ కంట్రోల్ ఆర్డర్ 2020ల తెచ్చిన్రు, 2021 జనవరి 1 నుంచి అమల్లకు వచ్చింది, 14 ఏండ్ల లోపు పిల్లల బొమ్మలకు బీఐఎస్ మార్కు లేకుండ అమ్మొద్దు. ఆ పరీక్షల్ల మొన తేలి ఉందా, అంటుకుంటే ఎంత తొందరగ కాలుతది, సీసం లాంటి లోహాలు ఎంత బయటికి వస్తున్నయి ఇవన్నీ ఉన్నయి. బయటి దేశం బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020ల 20 నుంచి 60 శాతం చేసిన్రు, 2023ల 70 చేసిన్రు. అంటే ఇకముందు మన పిల్లల చేతికి వచ్చే బొమ్మ ఎక్కువగ మన దేశంల తయారయేదే ఉండాలె అని సర్కారు కోరిక. మంచిది, మరి ఇక్కడ తయారు చేస్కుంటున్నప్పుడు కూడా ముఖం మనది కాకపోతే ఎట్ల, ఇప్పుడు చైనా వాళ్ళ అచ్చు అని సాకు కూడా చెప్పలేం. మళ్ళా 2020 విద్యావిధానం చిన్నపిల్లలకు ఆటతోనే చదువు అన్నది, 2023 ఫిబ్రవరిల కేంద్రం మూడు నుంచి ఎనిమిదేండ్ల పిల్లల కోసం జాదూయీ పిటారా అని బొమ్మలు, తోలుబొమ్మలు, పజిళ్ళు ఉన్న పెట్టె విడుదల చేసింది. బొమ్మనే పుస్తకం అని మనమే అన్నం గద, అయితే పుస్తకాన్ని చూసినట్టు బొమ్మను కూడా చదివి చూసేటోళ్ళు ఉండాలె.

గిరిజనుల బొమ్మల గురించి మీకు చెప్పాలంటే నాకు కొంచెం జంకుగ ఉంది, మీరు కోయ ఇంటి బిడ్డ, ఉస్మానియాల గుత్తికోయల మీద పీహెచ్‌డీ చేసినోళ్ళు. అయినా నేను సిటీల చూసేది చెప్త. ఇక్కడ స్కూళ్ళల్ల ఫ్యాన్సీ డ్రెస్ అంటే అద్దె దుకాణాల్ల ట్రైబల్ డ్రెస్ అని ఒకటి దొరుకుతది, ఆకుల లంగా, నెత్తిన ఈకలు, చేతికి బల్లెం, మొహానికి నల్ల రంగు పూస్తరు, పిల్ల స్టేజీ ఎక్కి అర్థం లేని అరుపులు అరుస్తది, అమ్మానాన్నలు చప్పట్లు కొట్టి ఫోన్ల తీస్తరు. తెలంగాణల ఉన్న ఏ గూడెంల ఎవరు అట్ల ఉంటరో ఆ డ్రెస్ కుట్టినాయన చెప్పలేడు. గోండుల గుస్సాడీ తీసుకోండి, దండారి పండుగ రోజుల్ల మాత్రమే కట్టే వేషం అది, కట్టినోళ్ళు పండుగ అయిపోయేదాక స్నానం కూడా చెయ్యకుండ నియమంతోని ఉంటరు, నెమలి ఈకల టోపీకి పూజ చేస్తరు. ఆ గుస్సాడీ ఆట నేర్పిన కనకరాజు గారికి 2021ల పద్మశ్రీ ఇచ్చిన్రు. అటువంటి దాన్ని తెచ్చి అద్దె గుడ్డలల్ల కలిపేస్తే, దేవుడి పని చేసే మనిషిని అడివిల అరిచే మనిషి కింద దింపినట్టు గద.

లంబాడ బొమ్మలయితే ఉన్నయి, అద్దాల పని, రంగులు చూసేటందుకు మస్తు ఉంటయి, శిల్పారామంల టూరిస్టులు కొంటరు. కానీ ఎప్పుడు చూసినా ఆడుతనే ఉంటది, లేకపోతే నెత్తి మీద కుండ. మా క్లాసుల లంబాడ పాప వాళ్ళ అమ్మ ఆఫీసుకు పోతది, నానమ్మనేమో తీజ్ పండుగకు ఫేటియా కాంచళి అనే లంగా రవిక కడ్తది, ఇద్దరూ ఆ పిల్లకు సొంతమే, బొమ్మల్ల మాత్రం ఒక్కరే దొరుకుతరు. నాకు బల్లెం వద్దు, కుండ వద్దు అని కాదు, అవి ఒక్కటే వద్దు. బడికి సైకిల్ మీద పోయే కోయ పాప బొమ్మ కావాలె, ఆర్టీసీ బస్సు నడిపే లంబాడ మామ కావాలె, సూది మందు ఇచ్చే గోండు నర్సక్క, బ్యాటు పట్టిన సిద్దీ పిల్లగాడు, హిజాబ్ కట్టుకున్న సైన్స్ టీచరమ్మ కావాలె. మణిపూర్ పిల్లను క్లాసుల చైనా బొమ్మ అంటరు అక్కా, ఇప్పటికీ అంటరు. 2014ల ఢిల్లీల నీడో తానియా అనే అరుణాచల్ ప్రదేశ్ పిల్లగాన్ని ఎగతాళి చేసి కొట్టిన్రు, ఆయన చనిపోయినంక బెజ్‌బరువా కమిటీ వేసిన్రు, ఈశాన్య రాష్ట్రాల వాళ్ళ గురించి బడులల్ల చెప్పాలె అని ఆ కమిటీ కూడా అన్నది. పసిపిల్లలకు ఉపన్యాసం ఎట్ల చెప్తం, బొమ్మ చేతిల పెట్టుడు తప్ప వేరే దారేముంది.

చేసేటోళ్ళు మన దగ్గర్నే ఉన్నరు. నిర్మల్ల పొనికి కర్రతోని తేలికైన బొమ్మలు చేస్తరు. చేర్యాల నకాషీ వాళ్ళు రంపపు పొట్టు, చింతగింజల అంబలి కలిపిన ముద్దతోని ముఖాలు తీరుస్తరు. ఆదిలాబాద్‌ల డోక్రా అనే ఇత్తడి పోత బొమ్మలు చేసే ఓజా వాళ్ళున్నరు, అది లోహం కాబట్టి పసిపిల్లలకు బరువు, కానీ వాళ్ళ చేతికి గోండు మనిషి ఆకారం ఎట్లుంటదో తెలుసు, నమూనా గియ్యాలంటే వాళ్ళను మించినోళ్ళు లేరు. నిర్మల్ బొమ్మలకు, ఆదిలాబాద్ డోక్రాకు, చేర్యాల నకాషీ చిత్రాలకు జీఐ గుర్తింపు ఉంది, అంటే ఈ పని ఈ ఊరిదే అని సర్కారు ఇచ్చే గుర్తింపు. చేతితోని చేసే బొమ్మల్ల ఉన్న గొప్పతనం ఏందంటే అచ్చు ఖర్చే లేదు, పది బొమ్మలకు పది ముఖాలు పెట్టొచ్చు, పది రంగులు వెయ్యొచ్చు. జీఐ కింద రిజిస్టర్ అయిన కళాకారులకు ఆ 2020 ఆర్డర్ నుంచి మినహాయింపు కూడా ఉంది, అయినా పసిపిల్లలు నోట్లె పెట్టుకుంటరు కాబట్టి రంగుల పరీక్ష మాత్రం శాఖనే ఖర్చు పెట్టి చేయించాలె, ఆ భారం కళాకారుల మీద వెయ్యొద్దు. ఒక మాట ఒప్పుకోవాలె, చేర్యాలల ఈ పని చేసే కుటుంబాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, 35,700 సెంటర్లకు వాళ్ళు ఇయ్యలేరు. అందుకే ముందుగాల ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం ఐటీడీఏల (గిరిజన అభివృద్ధి సంస్థల) కింద ఉన్న సెంటర్లు, సిటీల కొన్ని బస్తీ సెంటర్లు తీసుకోండి. అక్కడ ఏ పిల్లలుంటే ఆ పిల్లల బొమ్మలు, పక్కూరోళ్ళ బొమ్మలు కూడా. మిగిలిన సెంటర్లకు కొత్త అచ్చులతోని ఫ్యాక్టరీ బొమ్మలు వెనక రావొచ్చు.

టెండర్ కాయితంల ఏం రాయాలె అంటే నాకు ఆఫీసు భాష రాదు, నా భాషల చెప్త. మనుషుల బొమ్మలు కొంటే సెట్‌ల మన పిల్లల రంగులు, ముక్కులు, జుట్లు అన్నీ ఉండాలె, ఒకటే అచ్చుకు రంగు పూసి ఇస్తే తీసుకోవద్దు. ఏ రంగోళ్ళకైనా ఏ పనైనా ఉండాలె, ఊడ్చే బొమ్మ తెల్లగ, పైలట్ నల్లగ కూడా ఉండొచ్చు. మనుషుల్ని జంతువులతోని కలిపి ప్యాక్ చేసింది ఏదీ రావొద్దు. నమూనా ఖాయం చేసే ముందు ఎవరి బొమ్మనో వాళ్ళకు చూపియ్యాలె, కోయ పాప బొమ్మ అయితే కోయ అమ్మలు చూడాలె, సిద్దీ బాబు బొమ్మ అయితే ఏసీ గార్డ్స్ అమ్మలు చూడాలె, వాళ్ళు బాలేదు అంటే వెనక్కి పోవాలె. ఆ కమిటీ కూర్చోవడానికి జాగ కూడా దూరం లేదు, మాసాబ్ ట్యాంక్‌లనే నెహ్రూ శతాబ్ది ట్రైబల్ మ్యూజియం ఉంది, ఏ తెగ వాళ్ళ బట్ట ఎట్లుంటది, నగ ఎట్లుంటది అక్కడ చూసి సరిచూసుకోవచ్చు.

ఇట్ల చేస్తే కులం జాతి అని పిల్లల్ల కొత్తగ తేడాలు పెట్టినట్టు కాదా అని మా స్టాఫ్‌రూంలనే ఒకామె అడిగింది. నాకు అర్థమయింది ఆమె భయం. కానీ తేడా మేం పెట్టక ముందే గిన్నెలల్ల పడి ఉంది గద, రంగు మాట ఎత్తకుంటే పిల్లలకు రంగు కనబడదు అనుకునుడు పెద్దోళ్ళ మనసుకు సుఖంగ ఉంటది అంతే. ఒకటే ముఖం ఉన్న బొమ్మల డబ్బా అందరిదీ అని చెప్పడం కంటే అందరి ముఖాలు ఉన్న డబ్బా ఇచ్చి ఇది మనందరిది అంటే పిల్లలు తొందరగ నమ్ముతరు.

వచ్చే ప్రీస్కూల్ కిట్ల టెండర్ కాయితాలు ఇంక తయారు కాకపోతే ఈ నాలుగు మాటలు అందులో చేర్పించండి అక్కా. ఒకవేళ ఇప్పటికే తయారయి ఉంటే, నమూనాలు శాఖకు వచ్చిన రోజు ఒక సెట్ మీ టేబుల్ మీద పెట్టించుకుని మీరే స్వయంగ చూడండి, ములుగుల మీరు ఎత్తుకునే పిల్లల్ల ఒక్కరన్నా ఆ డబ్బాల ఉన్నరా అని. సరిచూసే పనికి ఎవరన్న కావాలంటే నేను, నాతోటి టీచర్లు కొందరం ఆదివారాలు వచ్చి జీతం లేకుండ చేస్తం.

ఇట్లు,
ఒక ప్లేస్కూల్ టీచర్,
మాసాబ్ ట్యాంక్, హైదరాబాద్